నలభై కాళ్ళ చిప్పు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని సంపాదకవర్గం మిత్రులు కోరారు. మాచ్‌ఖండ్ గురించో శ్రీశైలం గురించో రాయడానికి నాకంటే అర్హులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను మీటర్లు, రిలేలు పరీక్షించే విభాగంలో, అంటే మన వాడుకలో ఎం.ఆర్.టి.లో, సర్వీసంతా గడిపినవాణ్ణి. పెద్ద డ్యాములకన్నా చిన్న పెట్టెలతోనే నాకు పరిచయం ఎక్కువ. అందుచేత గోరంత వస్తువొకదాని చరిత్ర రాస్తున్నాను. దాని పేరు మైక్రోకంట్రోలరు.

పేరు కొత్తగా ఉండవచ్చుగాని వస్తువు మనందరి ఇళ్ళలోనూ ఉంది. వాషింగ్ మెషీన్లో ఒకటి, టీవీ రిమోట్లో ఒకటి, బి.పి. చూసుకునే యంత్రంలో ఒకటి, గోడమీద కరెంటు మీటర్లో ఒకటి, మనవడి సైకిలుకు తగిలించిన లైటులో కూడా ఒకటి ఉంటుంది. కంప్యూటరు లేని ఇల్లు ఉండవచ్చు, ఇది లేని ఇల్లు వెతికినా దొరకదు.

మైక్రోప్రాసెసరుకీ దీనికీ తేడా ఏమిటని కొందరు సభ్యులు అడిగారు. మన శాఖ భాషలో చెబుతాను. మైక్రోప్రాసెసరు డివిజనల్ ఇంజనీరు వంటిది. ఆయన ఎంత తెలివైనవాడైనా పక్కన రికార్డు రూము ఉండాలి, టపాలు గుమాస్తా ఉండాలి, అటెండరు ఉండాలి. అవన్నీ లేకపోతే ఒక్క కాగితం కదలదు. మైక్రోకంట్రోలరు మారుమూల 33 కె.వి. సబ్‌స్టేషన్లో ఒంటరిగా నైట్ డ్యూటీ చేసే ఆపరేటరు వంటిది. రూల్సు బుర్రలో ఉంటాయి, లాగ్ బుక్కు చేతిలో ఉంటుంది, మీటరు తనే చూస్తాడు, గడియారం తనే చూస్తాడు, బ్రేకరు తనే వేస్తాడు. చదువు కొంచెమే, పని పూర్తిగా తనదే. ప్రోగ్రాము ఉంచుకునే జ్ఞాపకం, లెక్క రాసుకునే జ్ఞాపకం, టైమరు, బయటి ప్రపంచంతో మాట్లాడే కాళ్ళు అన్నీ ఒకే చిప్పులో ఉండటమే దీని ప్రత్యేకత.

ఈ చిప్పు రాకముందు కూడా ఇంట్లో కూర్చుని ఎలక్ట్రానిక్సు చేసేవాళ్ళు ఉండేవారు. గెలీనా రాయికి సన్నని తీగ ఆనించి బ్యాటరీ లేకుండా హెడ్‌ఫోనులో రేడియో విన్న పెద్దవాళ్ళ గురించి మనలో చాలామంది వినే ఉంటారు. 1947లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలో ట్రాన్సిస్టరు పుట్టింది. మన దేశంలో భారత్ ఎలక్ట్రానిక్స్, కాంటినెంటల్ డివైసెస్ వంటి సంస్థలు ట్రాన్సిస్టర్లు తయారుచేయడం మొదలుపెట్టాక కుర్రాళ్ళ చేతికి అవి అందాయి. 1969లో ఢిల్లీ నుంచి ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ పత్రిక మొదలైంది. నెలనెలా అందులో వచ్చే సర్క్యూట్ల కోసం ఎదురుచూసిన తరం మాది.

హైదరాబాదులో ఈ సరదాకు గాలి నీరూ బాగానే దొరికాయి. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో ఇక్కడ ఇ.సి.ఐ.ఎల్. సంస్థను నిలబెట్టారు. ఆయన పేరనే ఎ.ఎస్.రావు నగర్ వెలసింది. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించిన ‘సైట్’ ప్రయోగానికి సెట్లు తయారయింది ఆ సంస్థలోనే. అలాంటి కర్మాగారం ఊళ్ళో ఉంటే దాని చుట్టూ పనితనం తెలిసినవాళ్ళు చేరతారు. వాళ్ళ పిల్లలు సోల్డరింగు ఐరను పట్టుకుంటారు. ఇక కోఠీలో గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. రెసిస్టర్లు గుప్పెళ్ళతో కొలిచి ఇచ్చే ఆ ఇరుకు సందులో దుకాణదారుది ఎప్పుడూ ఒకటే మాట: "సాబ్, పీస్ లేకే జావ్, గ్యారంటీ నై."

అప్పటి పరికరాలు ఎంత సాదాగా ఉండేవో తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. రాగి రేకు అతికించిన బోర్డుమీద ఆడవాళ్ళ గోళ్ళరంగుతో దారులు గీసి, ఆరాక ఫెరిక్ క్లోరైడు నీళ్ళలో వేసి ఊపుతూ కూర్చునేవాళ్ళం. రంగు లేనిచోట రాగి కరిగిపోయి దారులు మిగిలేవి. బకెట్టు మీద, బనీను మీద ఆ గోధుమరంగు మరకలు జన్మలో పోయేవి కావు. ఇంటావిడ తిట్లు వేరే చెప్పాలా? 1972లో మార్కెట్లోకి వచ్చిన 555 టైమరు మాకు కామధేనువు. ట్యాంకు నిండితే మోగే గంట, మెట్లమీది లైటు కొంతసేపటికి ఆరిపోయే ఏర్పాటు, దొంగ తలుపు తోస్తే అరిచే అలారం అన్నీ దానితోనే. కాని ప్రతి పనికీ కొత్త సర్క్యూటు కావాలి. ఐదు నిముషాల ఆలస్యాన్ని పది నిముషాలు చేయాలంటే కెపాసిటరు మార్చాలి. రెండు షరతులు కలిపి చూడాలంటే మరో రెండు ఐ.సి.లు కావాలి. ఐదు షరతులైతే బోర్డు పళ్ళెమంత అయ్యేది.

అసలు కథ 1971 నవంబరులో మొదలైంది. జపాను దేశపు బిజికామ్ అనే కాలిక్యులేటర్ల కంపెనీ తన యంత్రానికి చిప్పులు చేసిపెట్టమని అమెరికాలో ఇంటెల్ కంపెనీని అడిగింది. టెడ్ హాఫ్, స్టాన్ మేజర్, ఫెడెరికో ఫాజిన్, బిజికామ్ తరఫున మసాతోషి షిమా కలిసి చేసిన పనిలో 4004 వచ్చింది. 2,300 ట్రాన్సిస్టర్లున్న మొదటి మైక్రోప్రాసెసరు అది. దానికి పక్క చిప్పులు కావాలి. అదే రోజుల్లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో గ్యారీ బూన్, మైకేల్ కాక్రన్ మొత్తం కాలిక్యులేటరును ఒకే చిప్పులో ఇమిడ్చారు. దాని సంతతే 1974లో అమ్మకానికి వచ్చిన టి.ఎం.ఎస్.1000. మైక్రోకంట్రోలర్లలో మొదటిది ఇదేనని చెప్పుకోవచ్చు. పుస్తకాలన్నీ 4004నే ఆకాశానికెత్తుతాయి గాని ప్రపంచంలో ఇంటింటికీ వెళ్ళింది టి.ఎం.ఎస్.1000 వంశమేనని నా అభిప్రాయం.

ఐతే దానివల్ల మాబోటివాళ్ళకు ఒరిగింది ఏమీ లేదు. అందులోని ప్రోగ్రాము ఫ్యాక్టరీలో చిప్పు తయారయ్యేటప్పుడే అచ్చులో పడిపోవాలి. అచ్చు ఖర్చు గిట్టుబాటు కావాలంటే వేలసంఖ్యలో కొనాలి. ఒక్క అక్షరం తప్పుపడినా వేలకు వేలు చెత్తబుట్టపాలు. అందుకే మొదటి పదేళ్ళూ మైక్రోకంట్రోలరు బొమ్మల కంపెనీల సొత్తు, పొయ్యిల కంపెనీల సొత్తు. 1975 జనవరిలో అమెరికా పత్రిక ‘పాప్యులర్ ఎలక్ట్రానిక్స్’ ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 వచ్చి అక్కడి కుర్రకారును ఊపేసింది. అది కిట్టు రూపంలో కొనుక్కునే కంప్యూటరు. అక్కడి హాబీదారులు ఆ దారిన కంప్యూటర్లవైపు వెళ్ళిపోయారు. దిగుమతి లైసెన్సులు, సుంకాలు ఉన్న మన దేశంలో ఆ దారి ఎటూ మూసుకునే ఉంది.

1976లో ఇంటెల్ 8048 తెచ్చింది. 1981 నాటి ఐ.బి.ఎం. కంప్యూటరు కీబోర్డులో కూర్చుని ఏ మీట నొక్కారో కనిపెట్టింది అదే. 1980లో దాని తమ్ముడు 8051 వచ్చాడు. ఈ వ్యాసానికి పేరు తెచ్చిపెట్టిన నలభై కాళ్ళ చిప్పు ఇదే. ప్రోగ్రాముకు 4 కిలోబైట్లు, లెక్కలకు 128 బైట్లు, బయటకు 32 గీతలు, రెండు టైమర్లు, ఒక సీరియల్ పోర్టు. 128 బైట్లంటే ఇంగ్లీషులో నూట ఇరవై ఎనిమిది అక్షరాలు. పోస్టుకార్డు మీద ఓ నాలుగు పంక్తులు. అంత జాగాలో లిఫ్టు నడపవచ్చు, ట్రాఫిక్ లైట్లు నడపవచ్చు. ఇవాళ ఫోనులో పంపుకునే శుభోదయం బొమ్మ ఒక్కటి అలాంటి వెయ్యి చిప్పుల జ్ఞాపకాన్ని తినేస్తుంది.

8051లో కూడా ప్రోగ్రాము అచ్చులో పోసిందే. చెరిపి రాసుకునే 8751 ఉండేదిగాని దాని ధర మా జీతాలకు అందేది కాదు. అందుకని లోపల ప్రోగ్రాము జాగా లేని 8031 కొని, పక్కన 74373 లాచి, దాని పక్కన ఇ.పి.రామ్ పెట్టి పని జరుపుకునేవాళ్ళం. ఒంటరి ఆపరేటరుకు మళ్ళీ ఓ గుమాస్తాను పెట్టినట్టన్నమాట.

ఈ ఇ.పి.రామ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లలకు ఇది పురాణగాథ. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టిన ఈ చిప్పు వీపుమీద చిన్న గాజు కిటికీ ఉంటుంది. తొంగిచూస్తే లోపల సిలికాను తునక మిలమిలలాడుతూ కనిపిస్తుంది. రాయడం కరెంటుతో, చెరపడం అతినీలలోహిత కాంతితో. 2716 అనే రెండు కిలోబైట్ల చిప్పుకు 25 వోల్టులిచ్చి, ఒక్కొక్క బైటుకు 50 మిల్లీసెకన్లు పట్టి ఉంచాలి. మొత్తం 2,048 బైట్లకు నూరు సెకన్లు దాటేది. చెరపాలంటే ఆస్పత్రుల్లో క్రిములను చంపడానికి వాడే ట్యూబులైటు కింద పదిహేను ఇరవై నిముషాలు పెట్టాలి. ఆ వెలుగును కళ్ళతో చూడకూడదు కాబట్టి చెక్కపెట్టెలో బిగించేవాళ్ళం. రాయడం అయ్యాక కిటికీమీద స్టిక్కరు అంటించాలి. అంటించకపోతే ట్యూబులైటు కింద దాదాపు మూడేళ్ళలో, ఎండలోనైతే వారంరోజుల్లో రాసిందంతా మాసిపోతుందని కంపెనీ కాగితంలోనే ఉండేది. మన రోహిణీకార్తె ఎండ చూసి ఉంటే ఆ గడువు ఇంకా తగ్గించేవారేమో!

ప్రోగ్రాము రాయడానికి కంప్యూటరు ఎక్కడిది? పుస్తకంలో పట్టిక చూసి, ఆజ్ఞకో అంకె చొప్పున కాగితంమీద చేత్తో రాసుకోవడమే. 74 అంటే పక్కన ఉన్న అంకెను తీసుకో అని. 80, దాని వెంట ఎఫ్.ఇ. అంటే ఉన్నచోటే ఉండు, కదలకు అని. గంటలు మోగించడం, లైట్లు వెలిగించడం అంతా అయ్యాక ప్రోగ్రాము చివర ఈ రెండు అంకెలు పెట్టేవాళ్ళం. చిప్పు అక్కడే తన చుట్టూ తాను తిరుగుతూ, టైమరు పిలిస్తే లేచి వెళ్ళి పని చేసి, మళ్ళీ వచ్చి తిరిగేది. ఒక్క ఆజ్ఞ మధ్యలో చేర్చాలంటే దాని కింది అంకెలన్నీ తిరిగి లెక్కకట్టి, ఇరవై నిముషాలు చెరిపి, నూరు సెకన్లు రాయాలి. అందుకని ముందు నాలుగుసార్లు కాగితంమీద నడిపి చూసేవాళ్ళం. ఆ అలవాటు మాత్రం మంచిదే.

ఉద్యోగంలోనూ ఈ మార్పు మా కళ్ళముందే జరిగింది. మన సబ్‌స్టేషన్లలో సి.డి.జి. రిలేలు చూసినవాళ్ళకు జ్ఞాపకం ఉంటుంది. అద్దం వెనక అల్యూమినియం చక్రం, ప్లగ్గు, టైము డయలు. మామూలు వక్రరేఖ ప్రకారం సెట్టింగుకు పదింతల కరెంటు వస్తే డయలు నిండుగా ఉన్నప్పుడు మూడు సెకన్లలో ట్రిప్పవుతుంది. కరెంటు పంపి, స్టాపువాచి పట్టుకుని చూస్తే చక్రం తిరగడం కంటికి కనబడేది. తరవాత చక్రం లేని స్టాటిక్ రిలేలు వచ్చాయి. ఆ తరవాత అంకెలమీద నడిచే న్యూమరికల్ రిలేలు వచ్చాయి. అదే వక్రరేఖను చిప్పు లెక్కవేస్తుంది. "తిరిగేదేదీ కనబడకపోతే ఇది పని చేస్తోందని నమ్మేదెలా సార్?" అని మా సెక్షన్లో ఒక సీనియర్ లైన్ ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఆ ప్రశ్న చిన్నదేం కాదు. చిప్పు నమ్మకంగా ఉండాలంటే అది తనను తాను పరీక్షించుకుని, చెడితే చెడ్డానని చెప్పగలగాలి. న్యూమరికల్ రిలే ఆ పని చేస్తుంది. చక్రం ఇరుసు బిగుసుకుపోతే మాత్రం మేము వెళ్ళి పరీక్షించేదాకా ఎవరికీ తెలిసేది కాదు.

నమ్మకం అన్న మాట వచ్చింది కాబట్టి ఓటింగు యంత్రం గురించి రెండు మాటలు. దాని తొలి నమూనాను 1979లో తయారుచేసింది మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్.లోనే. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం పార్టీల ప్రతినిధులకు యంత్రాన్ని చూపించింది. 1982 మే 19న కేరళలోని పరూరు నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాల్లో వాడారు. చట్టంలో వీలు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగును కొట్టేసింది. చట్టం సవరించి, 1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీల్లో 16 శాసనసభా స్థానాలకు వాడి, 2004లో లోక్‌సభ స్థానాలన్నింటికీ వాడారు. ఆ యంత్రంలోని ప్రోగ్రాము ఒక్కసారి రాశాక మళ్ళీ చెరపడానికి వీలులేని రకం. హాబీదారుకు శాపమైన గుణమే అక్కడ వరమయింది.

చిప్పులు మనమే చేసుకోకూడదా అనే ఆలోచన లేకపోలేదు. మొహాలీలో సెమీకండక్టర్ కాంప్లెక్సును 1976లో స్థాపించి, 1984లో ఉత్పత్తి మొదలుపెట్టారు. 1989 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదం ఆ కర్మాగారాన్ని బూడిద చేసింది. తిరిగి లేచేసరికి ప్రపంచం చాలా ముందుకు పోయింది.

1993 నన్నడిగితే 1971కన్నా పెద్ద సంవత్సరం. ఆ ఏడు ఆట్మెల్ కంపెనీ 89సి51 తెచ్చింది. అదే 8051, అవే నలభై కాళ్ళు, అవే ఆజ్ఞలు. కాని లోపలి ప్రోగ్రామును కరెంటుతోనే రెప్పపాటులో చెరిపి, వెంటనే తిరిగి రాయవచ్చు, అదీ వెయ్యిసార్లు. అదే ఏడు మైక్రోచిప్ కంపెనీ పిక్ 16సి84 కూడా అలాంటిదే తెచ్చింది. గాజు కిటికీ పోయింది, లాచి పోయింది, చెక్కపెట్టె పోయింది. 1991 తరవాత దిగుమతులు సులువు కావడంతో ఆ చిప్పు గుజరాతీ గల్లీలోకి వచ్చేసింది. ఒక్క చిప్పు, ఒక క్రిస్టలు, రెండు చిన్న కెపాసిటర్లు, ఐదు వోల్టులు. ఇంతే. తప్పు రాస్తే ఏం, మళ్ళీ రాస్తాం అనే ధైర్యం కుర్రాళ్ళకు వచ్చింది.

ఆ ధైర్యంతోపాటు ఓ బెడద కూడా వచ్చిందనుకోండి. ఇంజనీరింగు కాలేజీలు పెరిగాక అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్లలో ప్రాజెక్టు సెంటర్లు పుట్టుకొచ్చాయి. ఆఖరి సంవత్సరం విద్యార్థికి బోర్డు, రిపోర్టు, జవాబులు అన్నీ కట్టి చేతిలో పెట్టేవారు. గీతవెంట నడిచే బండి, ఫోనుతో వెలిగే బల్బు ఏటేటా అవే. ఐనా వాటిలో ఎన్నో కొన్ని బోర్డులు విప్పిచూసిన పిల్లలు నిజంగా నేర్చుకున్నారు. గల్లీలో దుకాణాలు బతికాయి, విడిభాగాలు చవకయ్యాయి.

ఇప్పుడు మన శాఖవాళ్ళందరికీ తెలిసిన విషయానికి వస్తాను. వ్యవసాయానికి త్రీఫేజు కరెంటు విడతలవారీగా ఇచ్చిన రోజులవి. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రాత్రి విడత ఏ ఒంటిగంటకో వస్తుంది. రైతు టార్చిలైటు పట్టుకుని గట్లవెంట పోయి, తడి నేలమీద నిలబడి, తుప్పుపట్టిన స్టార్టరు డబ్బా మూత తీసి పచ్చబటను నొక్కాలి. పాముకాటు, షాకు రెండూ ఆ దారిలోనే కాచుకుని ఉండేవి. పొద్దున్నే కబురు వచ్చి ప్రమాదం రిపోర్టు రాయడానికి వెళ్ళిన సభ్యులు మనలో ఎందరున్నారో నాకు తెలుసు. అందుకని కొందరు రైతులు పచ్చబటనులో పుల్ల గుచ్చి వదిలేసేవారు. కరెంటు రాగానే మోటారు దానంతటది తిరుగుతుంది. దానికి మెరుగైన రూపమే ఆటో స్టార్టరు.

పుల్ల గుచ్చితే ఏమవుతుందో లెక్క చూడండి. 63 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు నిండు లోడు 85 ఆంపియర్ల చిల్లర. దానిమీద పది 5 హెచ్.పి. మోటార్లుంటే నడిచేటప్పుడు మొత్తం 75 ఆంపియర్లు, బాగానే ఉంది. బయల్దేరేటప్పుడు ఒక్కో మోటారూ ఆరింతలు లాగుతుంది. పదీ ఒకేసారి లేస్తే 450 ఆంపియర్లు. వోల్టేజీ కుంగుతుంది, కుంగితే మోటార్లు పుంజుకోలేవు, పుంజుకోకపోతే ఆ కరెంటు అలాగే లాగుతూ ఉంటాయి. ఫ్యూజు పోవడమో, ట్రాన్స్‌ఫార్మరు కాలడమో ఖాయం. కాలిన ట్రాన్స్‌ఫార్మరు మారేసరికి ఎండిన పంటకు లెక్కెవరు చెబుతారు?

1998లో నల్లగొండ జిల్లాలో మా చిన్నాన్న కొడుకు బోరుకు ఈ నలభై కాళ్ళ చిప్పుతో ఒక పెట్టె కట్టాను. మూడు ఫేజులనూ ఆప్టోకప్లర్ల ద్వారా చిప్పు చూస్తుంది. మూడూ సరిగ్గా ఉంటే తనకు కేటాయించిన సెకన్లు ఆగి, రిలేతో పచ్చబటను నొక్కినట్టు చేస్తుంది. నడిచేటప్పుడు ఒక ఫేజు పోతే ఆపేస్తుంది. బోరులో నీళ్ళు తగ్గి మోటారు కరెంటు పడిపోతే ఆపి, అరగంట ఆగి మళ్ళీ చూస్తుంది. నాలుగు చిన్న స్విచ్చులతో ఆలస్యాన్ని మార్చుకోవచ్చు. ఒకరికి పది సెకన్లు, పక్కవాడికి ఇరవై, ఆ పక్కవాడికి ముప్ఫై. కాంటాక్టరు పడిలేచినప్పుడల్లా వచ్చే నిప్పురవ్వకు చిప్పు తెల్లబోయి మొదటినుంచి మొదలుపెడుతుంది. ఇది ఈ రంగంలో పాతకాపులందరికీ తెలిసిన సంగతి. దానికి విరుగుడుగా కాయిలుకు అడ్డంగా నూరు ఓముల రెసిస్టరు, పాయింట్ వన్ కెపాసిటరు కట్టాలి. ఎర్రచీమలు రిలేలో దూరి నలిగి కాంటాక్టులు అంటకుండా చేస్తాయి. దానికి ఏ పుస్తకంలోనూ విరుగుడు లేదు. డబ్బా అంచులకు సైకిలు ట్యూబు ముక్క చుట్టాం.

పెట్టె పెట్టిన నెలకు మా మరదలు ఫోను చేసింది. "బావా, ఇప్పుడు రాత్రిపూట మీ తమ్ముడు ఇంట్లనే పంటుండు. నాకే అలవాటు పోలే, ఒంటిగంటకు మెలకువొస్తది, మోటరు సప్పుడు ఇనవడ్డంక మల్ల పంట" అంది. తరవాత ఆ ట్రాన్స్‌ఫార్మరు మీది మరో ముగ్గురు అడిగితే వాళ్ళకూ కట్టి ఇచ్చాను. డబ్బు తీసుకోలేదుగాని పెసలు, కందులు రెండేళ్ళు కొనలేదు.

తరవాతి రోజుల్లో సెల్‌ఫోను వచ్చింది. ఫోనులో మీట నొక్కితే వచ్చే చప్పుడును అంకెగా మార్చే 8870 అనే చిప్పు మైక్రోకంట్రోలరు పక్కన చేరింది. ఒకటి నొక్కితే మోటారు నడుస్తుంది, రెండు నొక్కితే ఆగుతుంది. తరవాత సిమ్ కార్డు వేసుకునే స్టార్టర్లను కంపెనీలే తెచ్చాయి. పొలానికీ ఇంటికీ మధ్య రాత్రిపూట నడక చాలామందికి తప్పింది.

ఇంతలో గాలి తిరిగింది. 2004 మేలో ఉచిత విద్యుత్తు వచ్చింది. రాష్ట్ర విభజన తరవాత తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చారు. కరెంటు ఎప్పుడూ ఉంటే ఆటో స్టార్టరుతో మోటారు ఎప్పుడూ తిరుగుతుంది, బోర్లు ఎండిపోతాయి. అందుచేత ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం, విద్యుత్ సంస్థలు ఊరూరా ప్రచారం చేశాయి. నీటి లెక్కలో అది న్యాయమే. కాని అన్ని ఆటో స్టార్టర్లనూ ఒకే గాటన కట్టడం నాకు నచ్చలేదు. కరెంటు రాగానే మోటారు తిప్పే మొద్దు పెట్టె వేరు, రోజుకు ఆరు గంటలు దాటితే ఆపమని చెబితే ఆపే చిప్పు వేరు. నీళ్ళు తగ్గితే ఆగేదీ, గంటలు లెక్కపెట్టేదీ ఆ నూట ఇరవై ఎనిమిది బైట్లలోనే ఇముడుతుంది. నాలుగు పంక్తులు కలిపితే అయ్యే పనికి పెట్టెనే ఊడబెరకడం ఎందుకన్నాను. "మీ పెట్టె ఆరు గంటలకు ఆపితే పక్కోడి బోరు ఆగుతదా అన్నా? నీళ్ళన్నీ ఆడే గుంజుతడు" అన్నాడు మా తమ్ముడు. ఆ ప్రశ్నకు జవాబు ఏ చిప్పులోనూ లేదు.

తరవాతి చరిత్ర వేగంగా చెప్పేస్తాను. నార్వేలో ట్రాండ్‌హైమ్‌లో చదువుకున్న ఆల్ఫ్-ఎగిల్ బోగెన్, వెగార్డ్ వోలన్ అనే ఇద్దరు విద్యార్థులు కొత్త రకం మైక్రోకంట్రోలరును రూపొందించారు. ఆట్మెల్ దాన్ని ఎ.వి.ఆర్. పేరుతో 1990ల చివర్లో తెచ్చింది. ఆ చిప్పుమీదనే 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్నంలో ఆర్డుయినో బోర్డు పుట్టింది. మాస్సిమో బాంజీ, ఆయన సహచరులు ఇంజనీరింగు చదవని డిజైను విద్యార్థుల కోసం దాన్ని చేశారు. అంతకుముందే అదే విద్యాలయంలో హెర్నాండో బర్రగాన్ అనే కొలంబియా విద్యార్థి చేసిన ‘వైరింగ్’ దానికి పునాది. ఆయన పేరు చాలామంది తలచుకోకపోవడం అన్యాయమే. వెయ్యేళ్ళ కిందట, అంటే 1002లో ఇటలీకి రాజైన ఆర్డుయినో పేరిట అక్కడొక మద్యం దుకాణం ఉండేది. వీళ్ళు సాయంత్రాలు కూర్చునేది అక్కడే. అలా ఒక రాజుగారి పేరు సారాకొట్టు మీదుగా చిప్పుబోర్డుకు వచ్చింది. బోర్డు గీతలను ఎవరైనా కాపీ చేసుకోవచ్చన్నారు. చేశారు. అందుకే అది చవకయింది.

2014లో షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ కంపెనీ ఇ.ఎస్.పి.8266తో వై-ఫై కూడా చిప్పులోకే వచ్చేసింది. 2021లో రాస్ప్‌బెర్రీ పై వాళ్ళు నాలుగు డాలర్లకే పికో అమ్మారు. మన దేశంలో నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ లేబొరేటరీల పేరుతో పదివేల బడుల్లో ఇలాంటి సామాను పెట్టించింది. 2023 మార్చిలో హైదరాబాదులో నమూనాలు తయారుచేసుకోవడానికే టి-వర్క్స్ తెరిచారు. బూడిద అయిన మొహాలీ కర్మాగారం సెమీకండక్టర్ లేబొరేటరీగా మారింది. ఐ.ఐ.టి. మద్రాసు వాళ్ళు రూపొందించిన ‘శక్తి’ ప్రాసెసరును 2018లో అక్కడే చేశారు. ఇది చదివి నాకు కలిగిన సంతోషం ఇంట్లో ఎవరికీ పెద్దగా అర్థం కాలేదు.

మా మనవడు మొన్న మొక్కలకు నీళ్ళు పోసే ఏర్పాటు అరపూటలో చేశాడు. నేల తేమ ఎలా చదివిందిరా అంటే "అది లైబ్రరీలో ఉంది తాతయ్యా" అన్నాడు. మాకు లైబ్రరీ అంటే చిక్కడపల్లి గ్రంథాలయమే. వాడికి ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాము ముక్క. అది తప్పని నేననను. చక్రం తిరిగే మీటరును మనమేమైనా మొదటినుంచీ కట్టామా? ఐనా కూర్చోబెట్టి, లైబ్రరీ లేకుండా ఒక ఎల్.ఇ.డి. వెలిగించడం చూపించాను. పోర్టు దిక్కు ఎటో చెప్పడం, బిట్టు పెట్టడం, లెక్కపెట్టి ఆగడం, బిట్టు తీయడం. గంట పట్టింది. వాడికి విసుగు రాలేదు. చివర్లో ఉన్నచోటే ఉండమని చెప్పే ఆజ్ఞ వచ్చేసరికి నవ్వాడు.

మన సంఘం కార్యాలయంలో ఒక బీరువా ఖాళీగా ఉందని కార్యదర్శిగారు చెప్పారు. మీలో ఎవరి అటకమీదైనా పాత 8085 ట్రైనింగు కిట్లు, గాజు కిటికీ ఉన్న చిప్పులు, పనిచేయని సి.డి.జి. రిలేలు, పాత ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ సంచికలు ఉంటే దయచేసి తూకానికి వేయకండి. పెన్షనర్ల సమావేశానికి వచ్చేటప్పుడు తెచ్చి అక్కడ ఇవ్వండి. చిప్పులు తెస్తే కాళ్ళు వంగకుండా థర్మోకోల్ ముక్కలో గుచ్చి, కిటికీమీద స్టిక్కరు ఊడకుండా తీసుకురండి. లోపల రాసింది ఇంకా ఉంటే చదివి చూద్దాం.